జలనేతి, మౌనం, శ్రీవారి మెట్టు: నలభై ఏడేళ్లకు కొత్తగా మొదలుపెట్టాలంటే

ప్రశ్న: నా వయసు 47. తిరుపతిలో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్‌ని. పిల్లలిద్దరూ చదువులకని వేరే ఊళ్లకు వెళ్లిపోయారు. మూడేళ్లుగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నా. రోజూ అదే బడి, అదే వంట, అదే ఫోను. ఏదైనా కొత్తది నేర్చుకుని కొంచెం మారాలనుంది. తోటి టీచర్లలో ఒకరు ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కునే జలనేతి చెయ్యమంటారు, ఒకరు పది రోజుల మౌన ధ్యానానికి రమ్మంటారు, ఇంకొకరు కంచు గిన్నెలు మోగిస్తూ పడుకోబెట్టే కార్యక్రమానికి టికెట్లు కొందామంటున్నారు. ఆర్నెల్ల కింద వీడియో చూసి, గబగబా ఊపిరి వదిలే కపాలభాతి చేస్తే కళ్లు తిరిగి, వేళ్లు తిమ్మిరెక్కాయి. భయపడి మానేశా. ‘ఈ వయసులో నీకెందుకమ్మా ఇవన్నీ’ అంటాది మా అత్త. నలుగురిలో చేయాలంటే సిగ్గు కూడా. ఇవి నిజంగా మనిషిని మారుస్తాయా? మారిస్తే ఏది, ఎట్లా మొదలుపెట్టాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: ముందు కపాలభాతి సంగతి తేల్చుకుందామమ్మా. మిమ్మల్ని ఆర్నెల్లు ఆపింది అదే కదా.

ఆ రోజు జరిగింది ఇది. గబగబా, బలంగా ఊపిరి వదులుతూ పోతే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ ఒంటికి అవసరమైన దానికన్నా ఎక్కువగా బయటికి పోతుంది. అది తగ్గగానే మెదడుకు వెళ్లే రక్తనాళాలు కొంచెం ముడుచుకుంటాయి, కళ్లు తిరుగుతాయి. రక్తంలో ఆమ్ల క్షార గుణం మారి వేళ్లు, పెదాల చుట్టూ తిమ్మిరి వస్తుంది. మామూలుగా ఊపిరి తీసుకుంటే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. చాలావరకు మీకు జరిగింది ఇదే. అయితే ఊరికే కూర్చున్నప్పుడు కళ్లు తిరిగినా, తిమ్మిరి ఒక పక్కకే వచ్చినా అది వేరే విషయం. వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మీరు మానేయడం సరైన పనే. బీపీ, గుండె జబ్బు, హెర్నియా, కంట్లో ఒత్తిడి ఉన్నవాళ్లతో, గర్భిణులతో తెలిసిన గురువులెవరూ కపాలభాతి చేయించరు. ఎదురుగా ఉన్న గురువైతే ముందు మీ ఆరోగ్యం గురించి అడుగుతారు. వీడియో అడగదు. లోపం మీ వయసులోనూ లేదు, మీ ధైర్యంలోనూ లేదు, మీ ఒంటికి పడని దాన్ని ఎంచుకోవడంలో ఉంది.

కొత్త సాధన ఏది మొదలుపెట్టినా రెండు రకాల ఇబ్బందులు ఎదురవుతాయి. ఒకటి కొత్తదనం వల్ల వచ్చేది: విసుగు, సిగ్గు, దురద, ఫోను చూడాలనిపించడం, కారణం లేకుండా కళ్లల్లో నీళ్లు, కాళ్లు పట్టేసి కదిలిస్తే పోవడం. ఇంకోటి ఒళ్లు ఇచ్చే హెచ్చరిక: ఛాతీలో బరువు, కళ్లు మసకబారడం, తల వెనక పోటు, మాట రానంత ఆయాసం, గుండె లయ తప్పినట్టుండడం, లేచాక కూడా తగ్గని మోకాలి నొప్పి. మొదటి రకం వచ్చినప్పుడు ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. రెండో రకం వస్తే ఆ క్షణమే ఆపాలి. ఏది ఏదో పోల్చుకోవడం వస్తే ఏ పద్ధతి దగ్గరికైనా నిబ్బరంగా వెళ్లొచ్చు. మీరు అడిగిన మార్పు కూడా, మా అనుభవంలో, ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఏ పద్ధతి పేరులోనూ అది లేదు.

అందుకే మొదటి మూడు వారాలకు ఖర్చు లేనిది, ఇంట్లోనే చేసుకునేది ఒకటి చెబుతాం. నిదానంగా ఊపిరి తీయడం. కుర్చీలో వీపు ఆనించి కూర్చోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు వదలండి. ఒక్కో ఊపిరికి 10 సెకన్లు, నిమిషానికి 6. మధ్యలో బిగబట్టొద్దు. మొదటి వారం 5 నిమిషాలు, తర్వాత 10. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది: నిదానంగా అనగానే ఛాతీ నిండేలా బలంగా లాగుతారు. అప్పుడు కపాలభాతిలో జరిగిందే నెమ్మదిగా మళ్లీ జరుగుతుంది. మామూలుగా తీసుకునేంత గాలే, ఎక్కువసేపు తీసుకోండి. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంటే చెయ్యి కొద్దిగా లేవాలి, భుజాలు లేవకూడదు. ఊపిరి చాలట్లేదనిపిస్తే నాలుగు, ఆరు పట్టుకుని వేలాడొద్దు. మూడు, నాలుగుకు దిగండి. వారంలో అదే పెరుగుతుంది. నిమిషానికి ఆరు ఊపిరుల సాధన కొందరిలో బీపీని కాస్త తగ్గిస్తుంది కూడా. కానీ మాత్రకు బదులుగా కాదు, మాత్రతో పాటు.

దీనికి తోడు ఒక నోట్‌బుక్ పెట్టండి. లెక్కల టీచర్ కాబట్టి ఈ పని మీకు బాగా పడుతుంది. సాధన మొదలుపెట్టకముందు ఒక వారం, తర్వాత మూడు వారాలు, రోజూ ఒకే వేళకు బీపీ చూసి రాయండి. కాఫీ తాగి అరగంటైనా కావాలి. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, పాదాలు నేలకు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. బీపీ మిషన్ పట్టీ జాకెట్టు చెయ్యి మీద కాకుండా ఒంటి మీదే కట్టాలి. మోచేయి టేబుల్ మీద పెట్టి పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూసుకోండి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయండి. ఇంట్లో మిషన్ తప్పు చూపిస్తోందని అనుకునేవాళ్లలో చాలామంది వంటగదిలోంచి లేచొచ్చి నిలబడే చూసుకుంటారు. అంకె పక్కన ఒక్క వాక్యం: నిద్ర ఎట్లా పట్టింది, ఎవరి మీద విసుక్కున్నారు, సాధనలో ఏమనిపించింది. నాలుగు వారాలకు ఆ పేజీలు తిరగేస్తే ఏది పనిచేస్తోందో ఎవరినీ అడగక్కర్లేదు. అంకెలు తగ్గినా మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, సగం చేయొద్దు. నోట్‌బుక్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి. పై అంకె 180 గానీ కింది అంకె 120 గానీ దాటితే 5 నిమిషాలాగి మళ్లీ చూడండి. అప్పుడూ అట్లాగే ఉంటే అదే రోజు డాక్టరును కలవాలి. ఛాతీ నొప్పో, మాట తడబాటో, ఆయాసమో తోడైతే ఒక్క నిమిషం కూడా ఆగకుండా స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో వెళ్లాలి.

జలనేతి గురించి వివరంగా చెప్పాలి. ఇది చూడ్డానికి భయపెడుతుంది గానీ, సరిగ్గా చేస్తే సులువు. తప్పుగా చేస్తే మాత్రం ప్రమాదం నిజంగా ఉంది.

అన్నిటికన్నా ముందు నీళ్లు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఫిల్టరు నీళ్లు, క్యాన్ నీళ్లు ఏవీ నేరుగా ముక్కులోకి పోనివ్వొద్దు. నైగ్లీరియా ఫౌలెరి అనే అమీబా వెచ్చటి మంచినీటిలో బతుకుతుంది. తాగితే ఏమీ కాదు, కడుపులోని ఆమ్లం చంపేస్తుంది. ముక్కు పైభాగానికి చేరితే మాత్రం వాసన నాడి వెంబడి మెదడుకు పాకుతుంది. ఆ జబ్బు చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు బహు తక్కువ. కేరళలో 2024లో అమీబా వల్ల వచ్చే మెదడు జ్వరం కేసులు వరసగా బయటపడ్డాయి. కాబట్టి నీళ్లు తెర్లి, బుడగలు ఆగకుండా వస్తుండగా కనీసం ఒక నిమిషం మరగనివ్వాలి. మూత పెట్టి చల్లార్చాలి. చల్లారాక పచ్చి నీళ్లు కలిపి వేడి సరిచేయడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. దాంతో మరిగించిన కష్టమంతా వృథా.

తర్వాత ఉప్పు. అర లీటరు నీళ్లకు నాలుగున్నర గ్రాములు. చిన్న తూకం ఉంటే మేలు. లేకపోతే మెత్తటి ఉప్పు టీ చెంచాతో తీసి, పైన గీసి, అందులో ముప్పావు వంతు. ఇది మన రక్తంలోని ఉప్పు పాళ్లతో దాదాపు సమానం, అందుకే మంట పుట్టదు. ఉప్పు తక్కువైనా మండుతుంది, ఎక్కువైనా మండుతుంది. మొదటిసారి ముక్కు భగ్గుమని మానేసినవాళ్లలో ఎక్కువమంది ఉప్పు చెయ్యి వాటంగా వేసినవాళ్లే. అయోడిన్ కలపని శుభ్రమైన ఉప్పు మంచిది. కల్లుప్పు వాడితే చెంచా కొలత నమ్మొద్దు, తూచాల్సిందే. అడుగున మట్టి చేరుతుంది కాబట్టి మరిగేటప్పుడే వేసి, ఉడకబెట్టిన పల్చటి గుడ్డతో వడగట్టండి. నీళ్లు మణికట్టు లోపలి వైపు పోసుకుంటే వేడీ చలవా తెలియనట్టుండాలి.

జలనేతికి వాడేది కొమ్ము చెంబు లాంటి చిన్న పాత్ర. ఆ పాత్ర ముక్కు మీ ముక్కు రంధ్రంలో గాలి చొరబడకుండా అమరాలి. సింకు ముందు వంగండి. తలను ఒక పక్కకు వాల్చండి. నుదురు, గడ్డం ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి. నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీయండి. పై ముక్కులోకి పాత్ర ముక్కు ఆనించి మెల్లగా ఎత్తితే నీళ్లు కింది ముక్కులోంచి వాటంతటవే కారతాయి. పీల్చకూడదు, మింగకూడదు, మాట్లాడకూడదు. ఒక్కో వైపు పావు లీటరు. నీళ్లు గొంతులోకి వస్తున్నాయంటే తల వెనక్కి వాలిందని అర్థం, నుదురు ఇంకొంచెం కిందికి దించండి. అసలు అవతలికి రాకపోతే ముక్కు మూసుకుపోయి ఉంది. బలవంతం చేయకుండా అవతలి వైపు ప్రయత్నించండి, అదీ కాకపోతే ఆ రోజుకు వదిలేయండి.

అయిపోయాక ఆరబెట్టుకోవడం చాలామంది వదిలేస్తారు. నడుము దగ్గర వంగి, తల కిందికి వేలాడదీసి, కుడికీ ఎడమకూ తిప్పుతూ రెండు ముక్కులూ తెరిచే మెల్లగా పది పదిహేనుసార్లు ఊపిరి వదలండి. ముక్కు మూసి గట్టిగా చీదితే నీళ్లు చెవి గొట్టంలోకి పోయి పోటు, చీము దాకా వస్తుంది. బీపీ ఉన్నవాళ్లు ఎక్కువసేపు తల వంచి ఉంచొద్దు, నాలుగైదు ఊపిరులకోసారి లేవండి. గంట తర్వాత కింద పడ్డదేదో తీయబోతే ముక్కులోంచి చుక్క కారితే కంగారుపడక్కర్లేదు. పడుకోబోయే ముందు చేయకండి. రాగి, ఇత్తడి పాత్రలో ఉప్పు నీళ్లు నిలవ ఉంచొద్దు, లోహం తిని పచ్చగా చిలుమెక్కుతుంది. వాడాక మరిగించిన నీళ్లతో కడిగి బోర్లించి పూర్తిగా ఆరనివ్వండి. ముక్కులోంచి రక్తం కారే అలవాటున్నవాళ్లు, చెవి నొప్పి ఉన్నవాళ్లు, ఈ మధ్య ముక్కుకో చెవికో ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు. వారానికి రెండు మూడుసార్లు, దుమ్ములో తిరిగిన రోజు, జలుబు తగ్గుముఖం పట్టాక చేసుకుంటే సరిపోతుంది. రోజూ జీవితాంతం చేయాలనే నియమమేమీ లేదు. సుద్దముక్క పొడి పీల్చే ఉద్యోగం కాబట్టి మీకు దీనివల్ల హాయిగానే ఉండొచ్చు.

కొత్తదంటే దూరం నుంచి వచ్చిందే కానక్కర్లేదు. తిరుపతిలో పుట్టి పెరిగి, ఏళ్ల తరబడి బస్సులోనే కొండెక్కేవాళ్లు బోలెడుమంది. మీరూ అంతే అయితే శ్రీనివాస మంగాపురం దగ్గరి శ్రీవారి మెట్టు దారి మీకు పూర్తిగా కొత్త సాధనే. అలిపిరి దారి సుమారు 3,550 మెట్లు, 9 కిలోమీటర్ల దాకా ఉంటుంది. శ్రీవారి మెట్టు 2,400 లోపే, దూరం 2 కిలోమీటర్ల పైచిలుకు. పొట్టి దారి కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, నిలువుగా ఎక్కుతుంది. మొదటి రోజు పైదాకా పోవాలని పెట్టుకోకండి. ఫోను బ్యాగులో పడేసి, పక్కవాళ్లతో మాటలు లేకుండా, 20 నిమిషాలు ఎక్కి దిగొచ్చేయండి. ఆయాసపడకుండా రెండు పూర్తి వాక్యాలు చెప్పగలిగే వేగమే మీ వేగం. చెప్పలేకపోతే నిలబడండి. నిలబడ్డప్పుడు వెంటనే కూలబడకుండా రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా కాళ్లు కదుపుతుండండి. పూర్తిగా ఎక్కిన రోజు బస్సులో దిగండి. మోకాళ్లను ఎక్కడం కన్నా దిగడమే ఎక్కువ దెబ్బతీస్తుంది, తొడ కండరం సాగుతూ బరువు మొయ్యాలి కాబట్టి. ఎండాకాలంలో తెల్లవారుజామునే మొదలుపెట్టండి, నీడ లేని చోట రాయి పాదాలు బొబ్బలెక్కించేంత కాలుతుంది. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు వట్టి కాళ్లతో ఎక్కకూడదు. 2023లో చిరుతలు మనుషుల మీద పడ్డాక నడక దారుల్లో వేళల మీద, పిల్లల మీద ఆంక్షలు వచ్చాయి. అవి మారుతుంటాయి గనక వెళ్లే ముందు రోజు టీటీడీ ప్రకటన చూసుకోండి. దారి వదిలి అడవిలోకి అడుగు పెట్టొద్దు.

పది రోజుల మౌనం మంచి సాధన. కానీ మీకు మొదటి మెట్టు అది కాదు. ధ్యాన గురువు గోయెంకా గారి సంప్రదాయంలో జరిగే విపశ్యన శిబిరాల గురించే మీ తోటి టీచర్ చెబుతుండాలి. ఏం జరుగుతుందో తెలిసి వెళ్లండి: తెల్లవారి 4కు గంట కొడతారు. రోజుకు సుమారు 10 గంటలు కూర్చోవాలి. మొదటి మూడు రోజులు ముక్కు దగ్గర ఊపిరిని గమనించడమే పని, నాలుగో రోజు నుంచి ఒళ్లంతా గమనించడం. ఫోను అప్పగించాలి. చదవడం, రాయడం ఉండవు. 11కు మధ్యాహ్న భోజనం, కొత్తవాళ్లకు సాయంత్రం 5కు టీ, పండు లాంటివి. రాత్రి భోజనం లేదు. ఫీజు తీసుకోరు. శిబిరం పూర్తి చేసినవాళ్లు ఇష్టమైతే విరాళం ఇస్తారు. మీకు దగ్గర్లో చెన్నై శివారు తిరుముడివాక్కంలో ధమ్మ సేతు కేంద్రం ఉంది. హైదరాబాదులో ధమ్మ ఖేత్త 1976 నుంచి ఉంది. బీపీ మాత్ర సంగతి అప్లికేషన్‌లో దాచకుండా రాయండి, శిబిరంలోనూ వేసుకుంటూ ఉండండి. మోకాళ్ల నొప్పి ఉంటే కుర్చీ అడగండి, తప్పేమీ లేదు. తీవ్రమైన డిప్రెషన్, భ్రమలు లాంటివి ఎప్పుడైనా వచ్చినవాళ్లు మాత్రం మానసిక వైద్యుణ్ణి అడగకుండా వెళ్లకూడదు. అంతసేపు ఒంటరిగా మనసుతో కూర్చుంటే పాతవి బలంగా పైకొస్తాయి.

ముందు ఇంట్లో చిన్నగా చూసుకోండి. ఒక ఆదివారం తెల్లారి 5 నుంచి 11 దాకా ఫోను కట్టేసి, టీవీ లేకుండా, మాట్లాడకుండా ఉండండి. ఇంట్లోవాళ్లకు ముందు రోజే చెప్పండి, లేకపోతే అలిగారనుకుంటారు. పెసరట్లు పోసుకోవచ్చు, బట్టలు మడత పెట్టుకోవచ్చు. దాదాపు అందరికీ రెండో గంటలో చెయ్యి దానంతటదే ఫోను కోసం వెళుతుంది. అది కొత్తదనం ఇబ్బంది, ఉండనివ్వండి. ఇట్లాంటి ఆదివారాలు నాలుగు గడిచాక కూడా పది రోజులు కావాలనిపిస్తే వేసవి సెలవుల్లో అప్లై చేయండి.

ఐసు నీళ్ల తొట్టిలో దిగే పద్ధతులు కూడా ఈ మధ్య వినపడుతున్నాయి. మీకు వద్దు. చన్నీళ్లు ఒక్కసారిగా తగిలితే బీపీ, గుండె వేగం రెండూ ఎగబాకుతాయి.

మనిషిని ఎంచుకోవడంలో గట్టిగా ఉండండి. క్లాసు మొదలుపెట్టే ముందు మీ జబ్బులు, మాత్రలు అడగనివాళ్లు, మాత్రలు మానేయమనేవాళ్లు, కళ్లు తిరిగితే ‘లోపలి మలినాలు పోతున్నాయి’ అని సర్దిచెప్పేవాళ్లు, ఏడాది డబ్బు ముందే కట్టమనేవాళ్లు: ఈ నలుగురిలో ఎవరు ఎదురైనా మర్యాదగా లేచి వచ్చేయండి. ముక్కులో మందు చుక్కలు, ఎనిమా, వమనం (మందుతో వాంతి చేయించడం) లాంటి ఆయుర్వేద చికిత్సల జోలికి వెళ్లాలనుకుంటే మన ఊళ్లోనే టీటీడీ వారి ఆయుర్వేద కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడి వైద్యులకు చూపించుకున్నాకే వెళ్లండి. పార్లర్లలో చేయించుకునేవి కావు అవి.

సిగ్గు గురించి: మొదట ఒంటరిగా మూడు వారాలు చేసుకోమన్నది అందుకు కూడా. ఊపిరి మీద కొంచెం పట్టు వచ్చాక నలుగురిలోకి వెళితే, ఎవరు చూస్తున్నారనే ధ్యాస సగం తగ్గుతుంది. మిగతా సగం వెళ్లగా వెళ్లగా పోతుంది. వెనక వరసలో, గుమ్మానికి దగ్గరగా చాప వేసుకోండి. నచ్చకపోతే బయటికి పోవచ్చన్న ధీమా ఉంటేనే మనసు లోపల నిలుస్తుంది. మీ అత్తగారితో వాదనకు దిగొద్దు. ‘డాక్టరు నిదానంగా ఊపిరి తీయడం మంచిదన్నారు, పది నిమిషాలత్తా’ అని ఒక్క మాట చెప్పి (ముందు నిజంగానే డాక్టరును అడగండి) తలుపు వేసుకోండి. వీలైతే ఆవిడ బీపీ కూడా అదే నోట్‌బుక్‌లో ఇంకో పేజీలో రాయండి. ఆ తర్వాత ఆవిడే వేళ గుర్తుచేయవచ్చు.

మారతారా అన్నారు. పది రోజులకో పది క్లాసులకో కొత్త మనిషవుతారని మేం చెప్పం. కానీ క్లాసులో పిల్లవాడు అదే లెక్క మూడోసారి తప్పు చేసినప్పుడు, గొంతు పెరగబోతోందని అది పెరగకముందే మీకు తెలిసిపోతుంటే, ఆ రోజు నోట్‌బుక్‌లో రాసుకోండి. మేం చూసే మార్పు అదే. నాలుగు వారాలకు అట్లాంటి వాక్యం ఒక్కటీ లేకపోతే ఆ పద్ధతి మీది కాదు, సంకోచం లేకుండా వదిలేసి ఇంకోటి పట్టుకోండి.

ఇక కంచు గిన్నెల కార్యక్రమం. జబ్బులు నయం చేస్తుందంటే నమ్మొద్దు. గంటసేపు కదలకుండా పడుకుని మోత వినడం హాయిగా ఉంటుంది, టికెట్ ధర మీకు భారం కాకపోతే వెళ్లండి. మూర్ఛ ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టరును అడిగి వెళ్లాలి. మీరు చూసుకోవాల్సింది ఒక్కటే: బీపీ మాత్ర వేసుకునేవాళ్లు గంట పడుకుని దిగ్గున లేస్తే బీపీ ఒక్కసారి పడిపోయి తూలుతారు. అయిపోయిందని చెప్పగానే కాలివేళ్లు, మడమలు కదిలించి, కుడి పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేచి కూర్చోండి. రెండు నిమిషాలు అక్కడే కూర్చుని, అప్పుడు నిలబడండి. తిరిగొచ్చేటప్పుడు స్కూటీ వెంటనే తీయకుండా కాసేపు నీళ్లు తాగి నడవండి.